చెడ్డ పిల్ల, మంచి కుర్రాడు: ‘బేబీ’ సినిమా మీద మన తగువు

సాయి రాజేష్ తీసిన ‘బేబీ’ సినిమా 2023 జూలై 14న విడుదలైంది. ఆగస్టు నెలాఖరుకు ఆహాలోకి వచ్చింది. మన గూడేలకు అది నిజంగా చేరింది ఆ తర్వాతే. బూర్గంపాడు, సారపాక, భద్రాచలంలో చదువుకునే పిల్లలు పండగ సెలవులకు ఇళ్ళకొచ్చి ఒక్క ఫోన్ చుట్టూ అయిదారుగురు కూర్చొని చూశారు. ఈ సినిమా మీద జరిగినంత వాదన మన దగ్గర ఇంకే సినిమా మీదా జరగలేదు. సంతలో జరిగింది, హాస్టల్ వరండాలో జరిగింది, టీచర్ల గదిలోనూ జరిగింది.

వాదన మూడు పక్షాలుగా చీలింది. మగపిల్లల్లో ఎక్కువమంది, “చదువుకోవడానికి పోయి పాడైపోయింది సార్, ఆ ఆటో అన్నను నాశనం చేసింది” అన్నారు. ఆడపిల్లల్లో చాలామంది మా ముందు ఏమీ అనలేదు. గట్టిగా అడిగితే, “ఆమె చేసింది తప్పే, కానీ వాళ్ళిద్దరూ చేసింది మాత్రం?” అన్నారు. ఉపాధ్యాయుల్లో కొందరు, “మంచివాడు ఒక్కడూ లేని సినిమా ఎందుకు? ఇలాంటివి పిల్లలు చూడకూడదు” అని తేల్చేశారు. ముగ్గురూ చూసింది ఒకటే సినిమా. మూడు తీర్పులు ఎందుకొచ్చాయో ఆలోచించకుండా ఎవరి పక్షం వాళ్ళం పట్టుకొని కూర్చుంటే మనకు ఒరిగేదేమీ లేదు. ఈ వ్యాసం అందుకే.

కథ చూడనివాళ్ళ కోసం క్లుప్తంగా చెబుతాం. వైష్ణవి, ఆనంద్ ఒకే బస్తీలో ఎదురుబొదురుగా పెరిగిన పిల్లలు. బడి వయసులోనే ప్రేమ. ఆనంద్ పదో తరగతి తప్పి ఆటో నడుపుతాడు. వైష్ణవి చదువులో ముందుకు పోయి ఇంజనీరింగ్ కాలేజీలో చేరుతుంది. అక్కడ డబ్బున్న ఇంటి పిల్లవాడు విరాజ్ పరిచయమవుతాడు. ఆమె బట్టలు మారతాయి, స్నేహాలు మారతాయి, అబద్ధాలు మొదలవుతాయి. ఆనంద్‌కు విరాజ్ సంగతి చెప్పదు, విరాజ్‌కు ఆనంద్ సంగతి చెప్పదు. ఆనంద్ అనుమానంతో నోటికొచ్చినట్టు తిడతాడు. విరాజ్ బెదిరించి లొంగదీసుకుంటాడు. చివరికి ఆమె పెళ్ళి మూడోవాడితో అవుతుంది. ఆనంద్‌గా ఆనంద్ దేవరకొండ, వైష్ణవిగా వైష్ణవి చైతన్య, విరాజ్‌గా విరాజ్ అశ్విన్ నటించారు. చిన్న ఖర్చుతో తీసిన ఈ సినిమా పెద్ద వసూళ్ళు చేసింది. 2025 ఆగస్టు 1న ప్రకటించిన 71వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో దీని స్క్రీన్‌ప్లేకు, ఒక పాట పాడిన గాయకుడికి బహుమతులొచ్చాయి. కాబట్టి ఇది కుర్రకారు చూసి మరిచిపోయిన సినిమా కాదు.

ముందు ఉపాధ్యాయ మిత్రుల మాట తీసుకుందాం. మంచివాళ్ళు లేని కథ చెడ్డ కథ అవుతుందా? అలా అయితే మన తెలుగు సాహిత్యంలో సగం పక్కన పెట్టాల్సి వస్తుంది. 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’లో గిరీశం మంచివాడా? అబద్ధాలకోరు, అవకాశవాది. అయినా అతను లేని ‘కన్యాశుల్కం’ లేదు. శరత్ నవలలో దేవదాసు పార్వతి నుదుటి మీద కొట్టి మచ్చ మిగిల్చినవాడు. ధైర్యం చేయాల్సిన చోట చేయలేక, తర్వాత తాగి చచ్చినవాడు. 1953లో ఆ కథ తెలుగు సినిమాగా వస్తే జనం అతని కోసం ఏడ్చారు. చలం ‘మైదానం’ వచ్చి దాదాపు వందేళ్ళవుతోంది. భర్తను వదిలి అమీర్‌తో వెళ్ళిపోయిన రాజేశ్వరి గురించి చదువరులు ఇంకా కొట్లాడుకుంటూనే ఉన్నారు. నచ్చని మనిషిని ముందు నిలబెట్టి, “ఈమెను అర్థం చేసుకోగలవా?” అని అడగడం కథ చేసే పనుల్లో ఒకటి. బడిలో నీతికథలు చెప్పీ చెప్పీ మనం ఆ సంగతి మరిచిపోతాం.

పైగా ‘బేబీ’ మొదటి సగంలో మన పిల్లలకు బాగా తెలిసిన నిజం ఒకటుంది. బస్తీ పిల్ల పెద్ద కాలేజీ గేటులో అడుగు పెట్టగానే కుంచించుకుపోతుంది. తోటివాళ్ళ బట్టలు చూస్తుంది, వాళ్ళ మాట తీరు వింటుంది, తన నూనె జడ తనకే బరువనిపిస్తుంది. ఆశ్రమ పాఠశాలలోనో కస్తూర్బాలోనో పదో తరగతి చదివి, ఖమ్మమో హైదరాబాదో పోయిన కోయ పిల్లను అడగండి. మొదటి నెల ఎలా గడిచిందో చెబుతుంది. ఊరి పేరు చెప్పడానికి వెనకాడటం, ఇంటి నుంచి ఫోనొస్తే కోయ భాషలో మాట్లాడటానికి మూలకు పోవడం, “నువ్వు ట్రైబలా? అలా కనిపించవే!” అన్న మాటను మెచ్చుకోలు అనుకోవాలో అవమానం అనుకోవాలో తెలియకపోవడం. వైష్ణవి చైతన్య ఆ కుంచించుకుపోవడాన్ని కళ్ళతో, భుజాలతో చూపించింది. మొదటి అబద్ధం ఎంత చిన్నదో, రెండోది దాన్ని కాపాడటానికి ఎలా పుడుతుందో కూడా సినిమా నమ్మేలా చూపించింది. ఆమె దుర్మార్గంతో కాదు, తక్కువతనంతో అబద్ధమాడుతుంది. ఇక్కడి వరకు సినిమా మనల్ని ఆలోచింపజేస్తుంది.

మా అభ్యంతరం ఆ తర్వాతి సంగతి మీద. పాత్రలు ముగ్గురూ తప్పులు చేస్తారు. కానీ ముగ్గురి బాధకూ సినిమా ఒకే చోటివ్వదు. ఆనంద్ బాధపడితే పాట వస్తుంది, గడ్డం పెరుగుతుంది, కెమెరా అతని ముఖం మీద ఆగి మనల్ని ఏడవమంటుంది. అతను వైష్ణవిని బట్టల గురించి తిట్టిన తిట్లు ప్రేమలో పుట్టిన కోపం కింద జమ అవుతాయి. వైష్ణవి ఏడిస్తే అది చేసిన తప్పుకు పడ్డ శిక్షలాగా కనిపిస్తుంది. విరాజ్ ఆమెను బెదిరించడం నేరం. మన దేశ చట్టం ప్రకారమే నేరం. ఆ నేరం కూడా కథలో ఆమె లెక్కలోనే పడిపోతుంది. “అక్కడికెందుకు పోయింది?” అని ప్రేక్షకుడు అడుగుతాడు. “వాడెందుకు బెదిరించాడు?” అని అడిగేలా దర్శకుడు చేయలేదు.

ఇంకొకటి మన కళ్ళకు తప్పక కనబడాల్సింది, రంగు. బస్తీలో ఉన్నంత కాలం వైష్ణవికి నల్లరంగు పూశారు. కాలేజీలో మారాక తెల్లబడింది. అమాయకత్వం నలుపు, పట్నం తెలుపు అన్నట్టుగా ఉంది ఈ లెక్క. నలుపును మంచితనానికి గుర్తుగా పెట్టారు కదా అని కొందరు సంతోషపడ్డారు. అందులో సంతోషపడాల్సింది లేదు. మన రంగు మన ఒంటి రంగు, అంతే. దాన్ని మంచితనానికి ముద్రగా వేస్తే, ఎదగాలనుకున్న పిల్ల ఆ ముద్ర చెరిపేసుకోవాలి అన్న అర్థం దాని వెనకే వస్తుంది. నల్లగా ఉన్న పిల్లే ఇంజనీరు అయి, నల్లగానే ఉండి, తన ఇష్టాయిష్టాలు తనే చూసుకునే కథ ఇందులో లేదు.

ఇక ప్రేక్షకుల తీర్పు సంగతి. దీన్ని తూకం వేయాలంటే పక్కన ఇంకో సినిమా పెట్టాలి. ‘అర్జున్ రెడ్డి’ 2017 ఆగస్టు 25న వచ్చింది. వరంగల్ నుంచి వచ్చిన సందీప్ రెడ్డి వంగా తీశాడు. విడుదలకు ముందే కాంగ్రెస్ నాయకుడు వి. హనుమంతరావు హైదరాబాద్‌లో బస్సుకు అంటించిన ముద్దు పోస్టర్‌ను చించేశారు. అప్పుడు రాష్ట్రమంతా ఆ ముద్దు గురించే మాట్లాడింది. అసలు మాట్లాడాల్సింది వేరే ఉంది. అర్జున్ కొత్తగా కాలేజీలో చేరిన అమ్మాయిని చూసి, ఆమెను ఒక్క మాట అడగకుండానే, ఈమె నాది అని తోటి కుర్రాళ్ళకు చాటి చెబుతాడు. ఆమె చెంప మీద కొడతాడు. ఇంకో అమ్మాయిని కత్తి చూపి బెదిరిస్తాడు. గ్లాసు పగలగొట్టిన పనిమనిషి వెంట పడి తరుముతాడు. మత్తులో ఆపరేషన్లు చేస్తాడు. చివరికి అతనికి ప్రేమించిన పిల్ల దక్కింది, కడుపులో బిడ్డ కూడా అతనిదే అయ్యింది. 2019లో ఆ సినిమా హిందీలో ‘కబీర్ సింగ్’గా వచ్చినప్పుడు దేశమంతా వాదన లేచింది. ప్రేమలో ఉన్న ఇద్దరికీ ఒకరినొకరు కొట్టుకునే చనువు లేకపోతే అందులో తనకు భావోద్వేగం కనిపించదన్న అర్థం వచ్చేలా దర్శకుడు ఒక ఇంటర్వ్యూలో మాట్లాడటంతో అది ఇంకా పెరిగింది.

ఇప్పుడు రెంటినీ త్రాసులో పెట్టండి. అర్జున్ కొట్టాడు, బెదిరించాడు, మత్తులో మునిగాడు. మన కుర్రాళ్ళు అతని గడ్డం పెంచారు, అతని బుల్లెట్ బండి కలగన్నారు. వైష్ణవి అబద్ధమాడింది, ఒక రాత్రి తాగి ముద్దు పెట్టింది, భయపడి లొంగింది. ఆమె పేరు తిట్టు అయ్యింది. అర్జున్‌ను క్షమించిన నోళ్ళే వైష్ణవిని క్షమించలేదు. కాబట్టి “పాత్రలు నచ్చలేదు” అన్న మాటను ఉన్నదున్నట్టు నమ్మకూడదని మా అభిప్రాయం. ఎవరి తప్పు నచ్చలేదు, ఎవరి తప్పు ముద్దొచ్చింది అని అడగాలి. జనం చీలింది సినిమా బాగుందా లేదా అన్న దాని మీద కాదు. ఆడపిల్లకు తప్పు చేసి కూడా బతికే హక్కు ఉందా లేదా అన్న దాని మీద.

ఈ ప్రశ్నకు మన ఆచారం ఏం చెబుతుంది? ఇక్కడ గొప్పలు పోకుండా మాట్లాడుకోవాలి. కోయల్లో ఒకే గట్టు వాళ్ళు అన్నాచెల్లెళ్ళ వరస, పెళ్ళి కుదరదు. అది దాటాక పిల్లా పిల్లవాడూ ఇష్టపడి కలిసి పోవడం మన దగ్గర వింత కాదు. పెళ్ళికి ఓలి ఇచ్చేది పిల్లవాడి వైపువాళ్ళు, కట్నం మన మాట కాదు. పొసగకపోతే పెద్దమనుషులు కూర్చుంటారు. ఇద్దరి మాటా వింటారు, తప్పు ఎవరిదైతే వాళ్ళ మీద దండుగ వేస్తారు, విడదీస్తారు. విడిపోయిన ఆడది మారుమనువు పోతుంది. “పాడైపోయిన పిల్ల” అని జీవితాంతం మొయ్యాల్సిన ముద్ర మన పెద్దలు వెయ్యలేదు. దండుగ కడితే తప్పు తీరిపోయింది.

అదే సమయంలో ఇంకో సంగతి దాచకూడదు. దుమ్ముగూడెంలో పనిచేసిన మిషనరీ జాన్ కెయిన్ 19వ శతాబ్దంలో కోయల గురించి రాసినప్పుడు, పిల్లను ఎత్తుకెళ్ళి చేసుకునే పెళ్ళి గురించి కూడా రాశాడు. మన అమ్మమ్మల కాలంలో అలాంటి పెళ్ళిళ్ళు విన్నవాళ్ళు మన గూడేల్లో ఇప్పటికీ ఉన్నారు. నీళ్ళకు పోయిన పిల్ల ఏడ్చుకుంటూ వేరే ఊరికి కోడలయ్యేది. అడగకుండా “ఈమె నాది” అనే అర్జున్ రెడ్డి మనకు అంత కొత్తవాడేమీ కాదు. పెద్దమనుషుల పంచాయితీలో కూర్చున్నది కూడా ఎక్కువగా మగవాళ్ళే. కాబట్టి మన ఆచారంలో ఏది పిల్ల మాట విన్నదో దాన్ని నిలుపుకోవాలి. ఏది పిల్ల నోరు నొక్కిందో దాన్ని వదులుకోవాలి. బయటివాళ్ళ నుంచి కట్నం తెచ్చుకున్నాం. ఇప్పుడు తెర మీద నుంచి “పాడైపోయిన పిల్ల” అన్న మాటను కూడా తెచ్చుకుంటే, ఉన్న మంచి పోగొట్టుకొని లేని చెడు కొనుక్కున్నట్టు అవుతుంది.

ఇది ఉత్త సినిమా కబురు కాదని చెప్పడానికి కారణం ఉంది. ‘బేబీ’ తర్వాత ఆ పేరు మన దగ్గర ఎగతాళి మాట అయ్యింది. పండగకు జీన్స్ ప్యాంటు వేసుకొని బస్సు దిగిన పిల్లను చూసి, “బేబీ వచ్చిందిరా” అన్నారు. నర్సింగ్ సీటు వచ్చిన పిల్ల తండ్రి దగ్గర కూర్చొని, “పట్నం పంపితే సినిమాలో లాగే అవుతుంది, ఆలోచించుకో” అని చెప్పినవాళ్ళున్నారు. ఆ తండ్రి పోడులో పనిచేసి, తునికాకు కోసి పిల్లను అంతదాకా చదివించినవాడు. అతనికి కాలేజీ ఎలా ఉంటుందో తెలియదు. అతను చూసిన కాలేజీ ఫోన్‌లో సినిమా చూపించిందే. అందులో ఆటో నడిపేవాడు దేవుడు, చదువుకున్న పిల్ల ద్రోహి. సీటు వదులుకున్న పిల్ల ఇంట్లో కూర్చుంటే ఏడాది తిరక్కుండా సంబంధాలు వస్తాయి. పద్దెనిమిదేళ్ళు నిండకుండా పెళ్ళి చేయడం 2006 చట్టం ప్రకారం నేరమని మనం బడి గోడల మీద రాయిస్తాం. ఆ గోడకు ఇవతల పెళ్ళి మాటలు జరుగుతూనే ఉంటాయి. ఒక సినిమా వల్లే ఇదంతా జరుగుతుందని మేము అనడం లేదు. ముందే ఉన్న భయానికి సినిమా ఒక పేరు, ఒక ముఖం ఇచ్చింది అంటున్నాం.

మగపిల్లలకు కూడా ఇందులో నష్టం ఉంది. మన దగ్గర పదో తరగతి తప్పి ఆటో ఎక్కినవాళ్ళు, సారపాక పేపరు మిల్లులో కాంట్రాక్టు పనికి పోయేవాళ్ళు చాలామంది. ఆనంద్‌లో వాళ్ళు తమను చూసుకున్నారు. అందులో తప్పు లేదు. కానీ సినిమా వాళ్ళకు చెప్పిందేమిటి? నువ్వు చదువు ఆపేసి ఉండిపోవడమే త్యాగం, ఆమె ముందుకు పోవడమే మోసం అని. ఆనంద్ మళ్ళీ పదో తరగతి పరీక్ష ఎందుకు రాయలేదు అని ఒక్క కుర్రాడూ అడగలేదు. ఓపెన్ స్కూల్ పక్కనే ఉన్నా ఆ ప్రశ్న తెర మీద రాలేదు, చూసినవాళ్ళ నోటా రాలేదు. ఏడవడానికి అంత చోటిచ్చిన కథ లేవడానికి చోటివ్వలేదు.

నచ్చని మనిషిని ఇంకోలా చూపించవచ్చని 2025 నవంబర్ 7న వచ్చిన ‘ది గర్ల్‌ఫ్రెండ్’ చూపించింది. రాహుల్ రవీంద్రన్ తీశాడు. భూమగా రష్మిక, విక్రంగా దీక్షిత్ శెట్టి నటించారు. ఇదీ కాలేజీ ప్రేమే. విక్రం కూడా అర్జున్ లాగే అంతా తన ఇష్టప్రకారం జరగాలనేవాడు. కానీ ఇక్కడ కెమెరా భూమ పక్కన కూర్చుంది. విక్రం తల్లిగా రోహిణి దాదాపు మాట్లాడదు. ఆమెను చూసిన భూమకు తన రేపు కనిపిస్తుంది. అర్జున్ రెడ్డిలో ప్రేమ అనిపించింది ఇక్కడ ఊపిరాడనితనం అనిపిస్తుంది. ఈ సినిమా మీదా జనం చీలారు. మగవాళ్ళను మరీ చెడ్డగా చూపించారని కొందరన్నారు. భూమ అంత మెతకగా ఉండటం విసుగనిపించిందని కొందరన్నారు. మెతకగా ఉండే పిల్ల ఎన్ని ఇళ్ళలో ఉందో తెలిసినవాళ్ళు మాత్రం ఆ మాట అనలేదు.

అందుకని ఉపాధ్యాయులుగా ఇలాంటి సినిమాలను “చూడొద్దు” అని కొట్టేయడం మా దృష్టిలో పనికిరాని పని. మనం వద్దన్నా చూస్తారు. చూసి, మన ముందు మాట్లాడరు. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు మనమే పిలిచి చూపించాల్సిన సినిమాలు కావివి. కానీ పెద్ద తరగతుల్లో మాట వచ్చినప్పుడు నాలుగు ప్రశ్నలు అడగవచ్చు. కథలో ఎవరు బాధపడినప్పుడు పాట వచ్చింది, ఎవరు బాధపడినప్పుడు రాలేదు? ఇదే పని మగపిల్లవాడు చేసి ఉంటే నువ్వు ఏమనేవాడివి? “వద్దు” అన్న మాట ఎవరు అన్నారు, దాన్ని ఎవరు విన్నారు? ఈ తగువు మన గూడెం పెద్దమనుషుల ముందుకు వస్తే దండుగ ఎవరి మీద ఎంత పడాలి?

నాలుగో ప్రశ్న అడిగితే తరగతి ఒక్కసారిగా మేలుకుంటుంది. పిల్లలు రెండు వైపులా నిలబడి వాదిస్తారు. విరాజ్ మీద పెద్ద దండుగ వేసేవాళ్ళు, తిట్టిన నోటికి ఆనంద్ మీద కూడా వెయ్యాలనేవాళ్ళు, అబద్ధానికి వైష్ణవి ఎంతో కొంత కట్టాలనేవాళ్ళు. ముగ్గురికీ తప్పు పంచడం మొదలుపెట్టగానే ఒక్కర్తి నెత్తిన మొత్తం పెట్టే తీర్పు నిలవదు. అప్పటిదాకా నోరు తెరవని ఆడపిల్లలు కూడా మాట్లాడతారు. ఎందుకంటే పంచాయితీలో మాట్లాడటం తెగింపు కాదు, సాక్ష్యం.

‘బేబీ’ బాగా నటించిన, బాగా అల్లిన సినిమా. వైష్ణవి ఎందుకు అబద్ధమాడిందో సగం దాకా నిజాయితీగా చెప్పి, మిగతా సగంలో ఆమెను జనానికి అప్పగించేసిన సినిమా కూడా. ఆమె మనకు నచ్చాల్సిన పనిలేదు. తప్పు చేసిన మన పిల్లకు మన పెద్దలు వేసే పాటి దండుగ వేసి, తర్వాత ఆమెను ఆమె చదువుకు పోనిస్తే చాలు. ఈ ఏడు కూడా మన గూడేల్లో పిల్లలకు సీట్లు వస్తాయి. ఫీజు రాయితీ కాగితాల మీద సంతకం పెట్టించడానికి మనం ఇళ్ళకు పోయినప్పుడు, తండ్రి మనసులో ఉన్న సినిమా గురించి కూడా కాసేపు కూర్చొని మాట్లాడి రావాలి.